హస్తవాసి ఎవరిది?

గుడివాడలోనూ బందరులోనూ ఆక్యుపంక్చర్ వైద్యుల దగ్గర పంచిపెట్టే కరపత్రాలను నేను కొన్నేళ్ళుగా దాస్తున్నాను. సాహిత్యంలో డాక్టరేటు చేసిన మనిషికి ఈ కాగితాలతో ఏం పనని తోటి అధ్యాపకులు నవ్వారు. కానీ వీటిలో కథ ఉంది, కథానాయకుడున్నాడు, తప్పనిసరి మలుపులున్నాయి. దాదాపు అన్నిటిదీ ఒకటే అచ్చు. వైద్యుడి తాతగారు పసరు వైద్యం చేసేవారు, లేదా ఇంట్లో తాళపత్ర గ్రంథాలుండేవి. చిన్నప్పుడు తనకో తల్లికో పెద్ద జబ్బు చేసింది, పెద్దాసుపత్రుల వాళ్ళు చేతులెత్తేశారు. అప్పుడొక గురువు దొరికాడు. కలకత్తాలోనో కొలంబోలోనో చైనాలోనో శిక్షణ. ఆ తర్వాత వేలమంది రోగులు. పక్షవాతంతో మంచం మీద వచ్చినవాళ్ళు నడిచి వెళ్ళడం. చివర్న జబ్బుల జాబితా, రోగుల్ని చూసే వేళలు, ఆదివారం సెలవు.

ఈ కథలు అబద్ధాలని నేననడం లేదు. అవి చేసే పని గురించి మాట్లాడుతున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో సూదికి ఒళ్ళప్పగించాలంటే అతనెక్కడినుంచి వచ్చాడో ముందు తెలియాలి. మన భాషలో దీనికొక మంచి మాట ఉంది, హస్తవాసి అని. మందు అందరూ ఇచ్చేదే అయినా ఫలానా వారి చెయ్యి పడితే తగ్గుతుందన్న నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టదు. దాని వెనక ఒక తాత, ఒక గురువు, ఒక పట్టా ఉండాలి. అంటే చేతికి చరిత్ర ఉండాలి. కృష్ణా డెల్టాలో తరతరాలుగా ఆడవాళ్ళ ఒళ్ళు పట్టి చూసిన చేతులు మంత్రసానులవి. వాళ్ళలో ఏ ఒక్కరికైనా ఇలాంటి కరపత్రం ఉందా? ఎందుకు లేదు?

వైద్యం ఏ దేశానిదన్న పట్టింపు గుడివాడకు ఎప్పుడూ ఉన్నట్టు లేదు. ఎక్కడో జర్మనీలో పుట్టిన హోమియోపతికి 1945లోనే ఇక్కడ కళాశాల వెలిసింది. ఇప్పుడది డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల. బందరు సంగతి చెప్పనక్కర్లేదు. పట్టాభి సీతారామయ్య కాంగ్రెసు నాయకుడు కాకముందు అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్న ఇంగ్లీషు డాక్టరే. అలాంటి చోట చైనా సూదులకు గది దొరకడం వింతేం కాదు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించాక కరపత్రాల్లో ఆ ముక్క కూడా చేరింది. ‘వేల ఏళ్ళ ప్రాచీన విద్య’ అన్న మాట మాత్రం అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రాచీనమే, కాదనను. కానీ ఇవాళ ప్రపంచమంతా ‘సంప్రదాయ చైనా వైద్యం’ అని పిలుస్తున్నది ఏ అడవి మునో అందించిన పదార్థం కాదు. రకరకాల పాయల్ని ఏరి కూర్చి, 1956లో నాలుగు ప్రభుత్వ కళాశాలలు తెరిచి, పాఠ్యపుస్తకాలు రాయించి చైనా ప్రభుత్వం నిలబెట్టిన విద్య అది. సంప్రదాయం కూడా ఒకరు కూర్చుని రాస్తేనే తయారవుతుంది. ఎవరు రాశారు, ఎవర్ని వదిలేశారు అన్నది మనం అడగాలి.

మన దేశంలో ఈ సూదులతో పాటు తిరిగే పెద్ద కథ ద్వారకానాథ్ కోట్నీస్‌ది. షోలాపూర్ వాడు. 1938లో కాంగ్రెసు పంపిన అయిదుగురు డాక్టర్ల బృందంలో చైనా వెళ్ళాడు. జపాను యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేస్తూ 1942 డిసెంబరులో, 32 ఏళ్ళకి అక్కడే పోయాడు. 1946లో శాంతారాం ఆయన మీద సినిమా తీశాడు. ఆక్యుపంక్చర్ సంఘాలూ ఆసుపత్రులూ ఆయన పేరు పెట్టుకున్నాయి. నిజానికి కోట్నీస్ సర్జను. సూదుల విద్యను తెచ్చింది అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు. 1958లో మళ్ళీ చైనా వెళ్ళి నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. అయినా కథకు చనిపోయిన వీరుడే కావాల్సి వచ్చింది. బతికి వచ్చి పని చేసినవాడు రెండో పేరాలోకి జారిపోయాడు.

మరి మూడో పేరాలో ఎవరున్నారు? గువో చింగ్‌లాన్. అక్కడి నర్సు. 1941లో కోట్నీస్‌ను పెళ్ళి చేసుకుంది, 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. యిన్‌హువా అని పేరు పెట్టారు, ఇండియా చైనా అని అర్థం. బిడ్డకు నాలుగు నెలలైనా నిండకుండానే భర్త పోయాడు. ఆవిడ 2012 దాకా బతికింది, కోట్నీస్‌తో గడిపిన జీవితం గురించి పుస్తకం రాసింది. అంటే ఆయన పోయాక ఇంకో డెబ్భై ఏళ్ళు. సినిమాలోనూ కరపత్రాల్లోనూ ఆవిడ ఉన్నది మాత్రం భార్యగా. యుద్ధరంగంలో నర్సు చేతులు కూడా వైద్యుడి చేతులే కదా!

ఈ అచ్చుకు బయట ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే నాకు దొరికిన మనిషి తాన్ యున్‌షియెన్. 1461లో, ఇప్పటి జియాంగ్సు రాష్ట్రంలోని వూషీ ప్రాంతపు అధికారుల కుటుంబంలో పుట్టింది. తాత, నాయనమ్మ ఇద్దరూ వైద్యం తెలిసినవాళ్ళు. పిల్ల చురుకైనదని గమనించి ఇంట్లోనే వైద్య గ్రంథాలు చదివించారు. పెళ్ళయింది, పిల్లల్ని కన్నది, తన జబ్బులకీ పిల్లల జబ్బులకీ తనే మందులు కట్టుకుంది. యాభయ్యో ఏట 31 మంది రోగుల వివరాలతో చిన్న పుస్తకం రాసింది. 1511లో అది అచ్చయింది. ‘ఒక స్త్రీ వైద్యురాలి విడివిడి మాటలు’ అని పేరును తెలుగు చేసుకోవచ్చు. ఆడది అచ్చుపని చేసేవాళ్ళ దగ్గరకు వెళ్ళే రోజులు కావు గనక కొడుకు చేత శుభ్రప్రతి రాయించి అచ్చు వేయించింది. 2015లో లొరెయిన్ విల్‌కాక్స్, యూ లూ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అంతకుముందు, 1999లో చార్లట్ ఫర్త్ చైనా వైద్య చరిత్రలో స్త్రీపురుష భేదాల మీద రాసిన పుస్తకంలో ఈమె గురించి మంచి చర్చ ఉంది.

పుస్తకానికి తాన్ రాసుకున్న ముందుమాటే మనకు ముఖ్యం. నాయనమ్మ పోయాక ఆమెకు పెద్ద జబ్బు చేసింది. ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నారు. అప్పుడు నాయనమ్మ కలలో కనబడి, నీకు కావలసిన మందు ఫలానా పుస్తకంలో ఫలానా చోట ఉంది, నువ్వు చావవు, డెబ్భైమూడేళ్ళు బతుకుతావు, నా విద్యను పదిమందికి పంచు అని చెప్పింది. లేచి ఆ మందు చేసుకుని తాగింది, కోలుకుంది. యాభై ఏళ్ళు రాగానే లెక్క చూసుకుంది. డెబ్భైమూడులో మూడింట రెండొంతులు అయిపోయాయి, ఇంకా ఆలస్యం చేస్తే ఎలా అని రాయడానికి కూర్చుంది. (చివరికి తొంభై దాటి బతికింది. నాయనమ్మ లెక్క తప్పినందుకు నాకు సంతోషం.)

చదువుతుంటే మన కరపత్రాలు గుర్తొచ్చాయి. తాత ఉన్నాడు, చావుదాకా వెళ్ళిన జబ్బు ఉంది, ఇంట్లో గ్రంథం ఉంది. అంతా అదే అచ్చు! కానీ ఒకచోట అది పక్కకు తిరుగుతుంది. మగ వైద్యుడికి గురువు బయట దొరుకుతాడు. పట్టా చేతికిచ్చి, నా శిష్యుడని నలుగురిలో చెబుతాడు. తాన్‌కు అలా చెప్పేవాళ్ళు లేరు. నేర్పిన మనిషి ఆడమనిషి, పైగా చనిపోయింది. మరి పట్టా ఎవరివ్వాలి? చనిపోయిన మనిషే కలలోకి వచ్చి ఇవ్వాలి. ఈ కలను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. నేను దాన్ని ఒక ధృవపత్రంగా చదువుతాను. వీధిలో దొరకని అధికారాన్ని ఒక స్త్రీ తన ఇంటి చీకట్లోంచి, ఇంకో స్త్రీ చేతుల్లోంచి రాబట్టుకున్న పద్ధతి అది. అలా ఇచ్చిన మనిషికి ఆ పుటల్లో సొంత పేరు కూడా లేదు. పుట్టింటి పేరు మాత్రం మిగిలింది. రు వారి ఆడపడుచు.

అయితే తాన్‌ను నెత్తిన పెట్టుకునే ముందు ఇంకో వైపు కూడా చూడాలి. ఆ కాలపు చైనాలో మర్యాదస్తుల గడప తొక్కనివ్వకూడని ఆడవాళ్ళ జాబితా ఒకటి ఉండేది. ‘ముగ్గురు అత్తలు, ఆరుగురు అవ్వలు’ అనేవారు. సన్యాసినులు, సోది చెప్పేవాళ్ళు, పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళు, అందులోనే మందులమ్మే అవ్వ, పురుడుపోసే అవ్వ. ఊళ్ళో ఆడవాళ్ళకు నిజంగా అందుబాటులో ఉన్న వైద్యం వీళ్ళదే. తాన్ ముందుమాట వీళ్ళ ఊసెత్తదు. కానీ నేను అధికారి ఇంటి పిల్లను, గ్రంథాలు చదివాను, నాకు విద్య వంశంలో వచ్చింది అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతుంటే ఆ అవ్వలకూ తనకూ మధ్య ఒక దడి లేస్తూ ఉంటుంది. వైద్యుడి పుట్టుపూర్వోత్తరాల కథ ఎప్పుడూ చేసే పనే ఇది. చెప్పుకునేవారికి గద్దె వేస్తూ, చెప్పుకోలేనివారిని వాకిట్లో నిలబెడుతుంది.

మన వాకిట్లో నిలబడింది మంత్రసాని. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని సామెత. ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడల్లా ఈ మాట వాడతాం. బిడ్డను పట్టిన చేతిని మర్చిపోయి అది పట్టిన మురికిని మాత్రం భాషలో దాచుకున్నాం. దివిసీమలో మా అమ్మమ్మగారింట్లో పురుళ్ళు పోసినావిడ మంగలి ఇంటి నుంచి వచ్చేదిట. కొన్ని ఊళ్ళలో మాదిగవాడ నుంచి వచ్చేవారు. ఏ ఇంటి నుంచి వచ్చినా పెరటి గుమ్మంలోంచే రావాలి. బొడ్డు కోసి, బిడ్డకు స్నానం చేయించి, తల్లికి నడుంకట్టు కట్టి, మాయ పాతిపెట్టే పని అయ్యాక సోలెడు బియ్యం, ఓ పాత చీర. మైల ఆవిడతో పాటే వెళ్ళిపోతుంది, బిడ్డ మనకు మిగులుతుంది! బాలింతకు కాయం ముద్ద ఎప్పటినుంచి పెట్టాలో, ఉగ్గులో ఎంత ఆముదం వెయ్యాలో ఆవిడ చెప్పినట్టే ఇంట్లో పెద్దవాళ్ళు చేశారు. ఆ జ్ఞానం తర్వాత ‘మా అమ్మమ్మ చిట్కాలు’ అయిపోయింది. ఇలా కులం దాటి చేతులు మారిన జ్ఞానానికి మనం స్త్రీల సంప్రదాయం అని ఒకే పేరు పెట్టేసి ఊరుకుంటే, అది కూడా ఒక దడే.

తాన్ దగ్గరకు మళ్ళీ వెళ్తాను. నాకు ముందుమాట కంటే ఆ 31 కేసులు విలువైనవి. రోగులందరూ స్త్రీలే. ఇటుకలూ పెంకులూ చేసే బట్టీలో రాత్రింబగళ్ళు పని చేసి రక్తస్రావం ఆగని మనిషి. పడవ చుక్కాని పట్టి పట్టి చేతులు మొద్దుబారిపోయిన మనిషి. వరస గర్భస్రావాలు, బిడ్డలు పోయిన దుఃఖం, మొగుడు ఇంకొకర్ని తెచ్చుకుంటే మింగిన కోపం. వీటిని ఆమె జబ్బు పక్కన రాసుకున్న ఇంటి ముచ్చట్లుగా వదిలెయ్యదు. జబ్బుకు కారణాలుగా రాస్తుంది. ఏం పని చేస్తావు, ఇంట్లో ఏం జరిగింది అని అడగడం ఆమె నాడి చూడటంలో భాగం. పెద్దిళ్ళ స్త్రీలను మగ వైద్యులు తెర అవతల నుంచి చెయ్యి మాత్రం పట్టుకుని చూసే రోజుల్లో, ఆమె పక్కన కూర్చుని అడగగలిగింది. కోపం అనే మాటను రోగకారణాల్లో చేర్చిన ఆ పుటలు నాకు కథానికల్లా అనిపిస్తాయి. ఒక్కోటి పది పన్నెండు వాక్యాలే. ఎక్కడా జాలి పడదు.

మా అమ్మకు రక్తస్రావం మొదలైనప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఇరవయ్యో ఏటి నుంచి ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. పండగల ముందు రాత్రి పన్నెండు దాకా తొక్కేది. ఆర్నెల్లు దాచుకుని, ఇక నిలబడలేక ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళ్తే మూడో రోజుకల్లా గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా. పిల్లలున్నారుగా, ఇంకా అదెందుకమ్మా అన్నారట. ఏం పని చేస్తావని అడగలేదు. నలభై రాకుండానే ఒళ్ళు మంటలు, ఎముకల నొప్పులు. ఇది మా ఇంటి కథే అయితే ఇక్కడ రాయను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలోకెల్లా ఎక్కువ. ఏ ఊరి బస్సులో కూర్చున్నా పక్క సీటావిడ ‘నాకూ తీసేశారమ్మా’ అనే రాష్ట్రం మనది.

ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులతో అమ్మ గుడివాడలో ఒక ఆక్యుపంక్చర్ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన నిద్ర పడుతుందా అని అడిగాడు. అరికాళ్ళు మండుతాయా, చల్లబడతాయా అని అడిగాడు. ఏ వేళకి మెలకువ వస్తుందని అడిగాడు. అమ్మ అక్కడే ఏడ్చేసిందట. నొప్పి తగ్గిందా అంటే కొంత తగ్గిందనే అంటుంది. పెద్ద పరీక్షల్లో అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ మధ్య తేడా చాలా తక్కువగా తేలిందని నేను చెబితే, ‘తేడా సంగతి నీకు తెలుసు, నొప్పి సంగతి నాకు తెలుసు’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది కానీ చెప్పలేదు. అడిగినవాడి పట్ల ఆవిడ కృతజ్ఞత నాకు అర్థమవుతుంది. కానీ ఆయన అడిగినవన్నీ ఒంటి లోపలి సంగతులే. వేడి, చలువ, నిద్ర, ఆకలి. కుట్టుమిషను గురించి ఆయనా అడగలేదు. ఆయన కరపత్రంలో ఎక్కడ చూసినా ‘జీవశక్తి’ ఉంది. మోకాలు దేనిని తొక్కి అరిగిందో చెప్పే చోటు అందులో లేదు. 1511 నాటి పుస్తకంలో ఆ చోటు ఉంది.

చిలకలపూడి నగల పనిలో ఇళ్ళల్లో కూర్చుని అతుకులు వేసే ఆడవాళ్ళ కళ్ళు, రొయ్యల షెడ్లలో ఐసు ముక్కల మధ్య గంటల తరబడి ఉండే చేతులు, నాట్లలో వంగిన నడుములు. డెల్టా ఆడవాళ్ళ ఒళ్ళు వాళ్ళ పని రాసిన రాతే. దీన్ని చదవగల వైద్యుడు ఏ విధానం వాడైనా నాకు ఒకటే. చదవలేనివాడూ అంతే.

ఇంకో మాట చెప్పి ముందుకు వెళ్తాను. తాన్ ఎక్కువగా వాడింది వాత. చైనా వాళ్ళు ఎండబెట్టి దంచిన మాచిపత్రి ఉండను ఒంటి మీద కొన్ని చోట్ల కాలుస్తారు. సూదికీ దానికీ జంట. మనకూ వాతలు తెలియనివి కావు. పసిరికలకు వాత వేయించుకున్న మచ్చలు మా పెద్దవాళ్ళ చేతుల మీద చూశాను. మాచిపత్రి అంటే వినాయకచవితికి పత్రిలో మొట్టమొదట పేరు చెప్పి వేసే ఆకే. ఆ మొక్క కుటుంబంలోదే ఇంకో మొక్క నుంచి మలేరియా మందు తీసినందుకు తూ యోయోకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాత వైద్య గ్రంథంలో ఆకును నీళ్ళలో నానబెట్టమన్న ఒక వాక్యాన్ని పట్టుకుని, వేడి చేస్తే గుణం పోతుందని గ్రహించింది. ఆవిడకు డాక్టరేటు లేదు, విదేశీ చదువు లేదు, అప్పటికి అకాడమీ సభ్యత్వమూ లేదు. 1969లో ఈ పని మొదలైనప్పుడు నాలుగేళ్ళ పెద్దకూతుర్ని పిల్లల బడిలో, చిన్నదాన్ని అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్ళింది. పత్రికలు ఈ వదలడాన్ని త్యాగంగా రాశాయి. మగ శాస్త్రవేత్త పిల్లలు ఎవరి దగ్గరున్నారో మనకు ఏ నోబెల్ వార్తలోనూ కనబడదు గదా.

వైద్యం చేసిన స్త్రీకి చరిత్ర దక్కకపోవడం తెలుగులో ఎంతవరకు పోయిందో చూడాలంటే బందరుకే రావాలి. భండారు అచ్చమాంబ 1902లో ఇక్కడ బృందావన స్త్రీసమాజం పెట్టింది. అంతకుముందే, 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చింది. స్త్రీలకు చరిత్ర లేదన్నవాళ్ళకు జవాబుగా స్త్రీల జీవితచరిత్రలు పోగుచేసిన మనిషి. 1905లో బిలాస్‌పూర్‌లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే ప్లేగు సోకి, ముప్పై ఏళ్ళకు పోయింది. ఆవిడ మీద మనం చాలా రాశాం. తొలి కథకురాలా కాదా అన్న చర్చ మీద నేనూ రాశాను. కానీ ఆ ప్లేగు సంగతి మన వ్యాసాల్లో చివరి వాక్యంలో వస్తుంది. అందరూ పారిపోయే జబ్బు దగ్గరకు ఆమె ఎందుకు వెళ్ళింది, ఏ చేత్తో కథ రాసిందో ఆ చేత్తోనే రోగుల నుదురు తుడిచినప్పుడు ఆ రెండు పనులకూ సంబంధం ఏమిటి? ‘సేవ’ అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్న మూసేస్తాం. మగవాడు చేస్తే వైద్యం, ఆడది చేస్తే సేవ.

ఆమె మేనకోడలికి ఆమె పేరే పెట్టారు. కొమర్రాజు అచ్చమాంబ డాక్టరయింది, బెజవాడలో ప్రాక్టీసు చేసింది, ‘ప్రసూతి-శిశుపోషణ’ రాసింది, 1957లో పార్లమెంటుకు వెళ్ళింది. ఒక తరంలో సేవ పట్టాగా మారింది. ఆ తర్వాత 1991లో హైదరాబాదులో స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ మనలో చాలామంది చేతుల్లో నలిగిన పుస్తకం. దాని పేరే చూడండి. డాక్టరు ఎవరన్నది ప్రశ్న కాదు, అడిగే ఆడవాళ్ళే ముఖ్యం. వైద్యుడి గద్దెను అంత సునాయాసంగా పక్కకు జరిపిన పుస్తకం తెలుగులో ఇంకొకటి నాకు కనబడదు. అయితే గద్దెను తీసేశాక అక్కడ మంత్రసానికి ఒక పీట వెయ్యాల్సిన పని మిగిలే ఉంది. అది వైద్యుల పని కాదు, సాహిత్యంలో ఉన్న మన పని.

మంత్రసానిని వెనక్కి తెద్దామని నా వాదన కాదు. కొడవలితోనో వాడిన బ్లేడుతోనో బొడ్డు కోస్తే ధనుర్వాతంతో పోయిన పసిపిల్లల లెక్క ఎవరి దగ్గరా లేదు. తల్లుల లెక్క అంతకంటే లేదు. దేశంలో బాలింతలకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఆసుపత్రికి నేను వ్యతిరేకిని కాను. అందులో అడిగే మనిషి లేకపోవడానికి వ్యతిరేకిని.

నాగాయలంక మండలంలో ఒక పల్లెలో ఇదివరకు పురుళ్ళు పోసిన ఒక పెద్దావిడ దగ్గరకు మూడుసార్లు వెళ్ళాను. కాన్పులన్నీ అవనిగడ్డకూ బందరుకూ వెళ్ళిపోయాక ఆవిడ పని పోయింది. మొదటిసారి నేను అడిగింది తప్పనిసరి ప్రశ్నే. మామ్మా, నీకు ఈ పని ఎవరు నేర్పారు, ఎప్పుడు మొదలుపెట్టావు, నీ జీవితం చెప్పు అని. ‘నాదేవుందమ్మా చెప్పడానికి’ అంది. ‘మా అత్త చేసేది, నేను దీపం పట్టుకునేదాన్ని, అంతే.’ కల లేదు, గ్రంథం లేదు, పట్టా లేదు. ఆ తర్వాత నేను జీవితం సంగతి వదిలేసి, నువ్వు పోసిన పురుళ్ళ గురించి చెప్పమన్నాను. రెండు గంటలు ఆగలేదు.

ఆవిడ ఏళ్ళు అంకెల్లో చెప్పదు. ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అంటుంది. 1977 నవంబరు 19 ఆవిడ క్యాలెండరు. ఉప్పెన తర్వాతి నెలల్లో బిడ్డల్ని పోగొట్టుకుని మళ్ళీ కన్నవాళ్ళకు పాలు పడలేదట. ‘ఏడుపు అక్కడ కూకుంది’ అని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది. నెలలు నిండినా నాట్లు ఆపకుండా, నీళ్ళలోనే నొప్పులు మొదలై గట్టుకు చేరలేకపోయిన మనిషి. మొదటి ఇద్దరూ ఆడపిల్లలని మూడో కాన్పుకు ముందు మొగుడు ఇల్లు వదిలి వెళ్తే, నొప్పులు వచ్చి వచ్చి ఆగిపోయిన మనిషి. ఆ రాత్రంతా ఆవిడ చేసిందల్లా ఆ పిల్ల చేత మొగుడిని పేరుపెట్టి తిట్టించడమేనట. ‘తిట్టాక కానీ బిడ్డ దిగలేదు’ అంది. ప్రతి కాన్పుకూ ఆ మనిషి ఆ రోజు ఏం తిన్నది, ఏ పనిలోంచి లేచి వచ్చింది, ఇంట్లో ఎవరితో మాటల్లేవు, అన్నీ చెప్పింది. బిడ్డ ఆడా మగా అన్నది మాత్రం కొన్నిటికి గుర్తులేదు.

రాసుకుంటున్న నా నోటుపుస్తకం వైపు చూసి, ఇదంతా అచ్చులో వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. తిట్టిన పిల్ల ఇప్పుడు పక్క ఊళ్ళోనే ఉందట, మనవల్ని ఎత్తిందట. ‘నా పేరు ఏసుకుంటే ఏసుకో. ఆ పిల్ల పేరు మాత్రం రాయమాక’ అంది.